మాఫీ చేసే అధికారం సర్కారుది కాదు

కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టడంపై 2022 మేలో చెలరేగిన అమలాపురం అల్లర్ల కేసులను ఉపసంహరిస్తున్నట్లు 2023లో అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్‌రెడ్డి కోనసీమ నాయకుల సమక్షంలో ప్రకటించారు. అన్ని వర్గాలూ కలిసిమెలిసి ఉండాలన్నది అందుకు చెప్పిన కారణం. ఆ ఆకాంక్షతో ఎవరికీ పేచీ లేదు. కేసు పెట్టిన సర్కారే దాన్ని తీసేయగలదన్నట్లు జనాన్ని నమ్మించడంతోనే మా పేచీ. అది నిజం కాదని సచివాలయంలో తెలియనివారు లేరు.

అప్పుడు అమల్లో ఉన్న క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 321వ సెక్షన్ ప్రకారం ప్రాసిక్యూషన్‌ను ఉపసంహరించుకోగలిగింది పబ్లిక్ ప్రాసిక్యూటర్ ఒక్కరే, అదీ కోర్టు సమ్మతిస్తేనే. ముఖ్యమంత్రికి గానీ, హోంశాఖకు గానీ ఆ సెక్షన్ అలాంటి అధికారమేదీ ఇవ్వలేదు. ప్రభుత్వం సూచన చేయవచ్చు. రికార్డు చదివి, సాక్ష్యాలు తూచి, సొంత బుద్ధితో నిర్ణయానికి రావలసింది మాత్రం ప్రాసిక్యూటరే. ఆపైన ఆయన కోర్టులో పిటిషన్ వేసి కారణాలు చెప్పాలి. అది సదుద్దేశంతో వేసిందేనా, అందులో ప్రజాప్రయోజనం ఉందా అని జడ్జి పరిశీలిస్తారు. తృప్తి కలగకపోతే విచారణ సాగుతుంది. ఇన్ని మెట్లున్న పనిని ఒక సమావేశంలో తేల్చేసినట్లు ప్రకటించడమంటే, ప్రాసిక్యూటర్‌ను గుమాస్తాగా, కోర్టును ముద్ర వేసే కౌంటరుగా లెక్కగట్టడమే.

కేరళ అనుభవం ఎంతో దూరంలో లేదు. 2015లో బడ్జెట్ రోజున శాసనసభలో స్పీకర్ వేదికపైకెక్కి సామగ్రి ధ్వంసం చేసిన ఎమ్మెల్యేలపై కేసును, తర్వాత వాళ్ల కూటమి ప్రభుత్వమే ఎత్తేయబోయింది. మేజిస్ట్రేటు కాదన్నారు, హైకోర్టు కాదంది. 2021 జులైలో సుప్రీంకోర్టూ కుదరదంది. సభలో మైకులు, కంప్యూటర్లు విరగ్గొట్టిన కేసుకే ఉపసంహరణ దక్కలేదు. మరి పట్టపగలు నాటి మంత్రి విశ్వరూప్ ఇంటిని, ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇంటిని తగలబెట్టి, బస్సులు కాల్చి, పోలీసుల తలలు పగలగొట్టిన కేసులకు ఏ ముఖం పెట్టుకుని అడుగుతారు?

ఇళ్లు కాలినవారే రాజీకి ఒప్పుకున్నారన్న వాదన ఇంకా బోలు. ఇంటికి నిప్పుపెట్టడం అప్పుడు అమల్లో ఉన్న ఐపీసీ 436 కింద యావజ్జీవం దాకా శిక్ష పడే నేరం. రాజీకి వీలున్న నేరాల జాబితాలో అది లేదు. మంత్రి తన ఇంటి మంటను మరిచిపోవడం ఆయన పెద్దమనసు కావచ్చు. రాళ్ల దెబ్బలు తిన్న కానిస్టేబుల్ తరఫున మరిచిపోయే హక్కు ఆయనకెక్కడిది? జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టడమే నేరమన్నట్లు దాడికి దిగితే, ఆ రోజు తలుపులు బిగించుకుని బిక్కుబిక్కుమన్న దళిత కుటుంబాలను ఎవరు అడిగారు? విచారణలో ప్రతి దశలోనూ బాధితులకు తమ మాట వినిపించుకునే హక్కుందని లఖింపుర్ ఖేరీ కేసులో సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లోనే, అంటే అమలాపురం మండడానికి నెల ముందే, తేల్చి చెప్పింది.

ఉద్యోగాలకు, పాస్‌పోర్టులకు ఈ కేసులు అడ్డొచ్చి కుర్రాళ్ల బతుకులు చెడతాయన్న ఆవేదనలో నిజముంది. దానికి మందు ఆధారాలు లేనివారి పేర్లను ఒక్కొక్కటిగా పరిశీలించి, కారణాలు రాసి కోర్టును అడగడం. నిప్పు పెట్టినవాణ్నీ, రోడ్డు పక్కన నిలబడి చూసినవాణ్నీ ఒకే గాటన కట్టి వదిలేయడం అమాయకులకు చేసే మేలు కాదు, ఓట్ల లెక్క.

ప్రాసిక్యూటర్లు ప్రభుత్వ ప్రకటనను పక్కనపెట్టి రికార్డు తెరవాలి. మూకుమ్మడి పిటిషన్ వస్తే కోర్టు గాయపడ్డవారిని పిలిచి, విని, తిప్పికొట్టాలి. రాజ్యాంగం రాసిన మనిషి పేరు పెట్టుకున్న జిల్లాలో నేరాన్ని మాఫీ చేసే అధికారం పాలకుల చేతికి చిక్కితే, రేపు తగలబడే ఇంటికి ఏ చట్టమూ కాపలా కాయదు.