పఠన సంకల్పం – సహపాఠకులు

సంవత్సరారంభంలో ఇన్ని పుస్తకాలు చదవాలని నిశ్చయించుకోవడం, చదివిన కొద్దీ ఆ వివరాన్ని తోటి పాఠకులకు తెలియజేస్తూ ఉండడం నేడు అనేక దేశాలలో ఒక ఆచారంగా మారింది. గుడ్‌రీడ్స్ అనే అంతర్జాల వేదిక 2011లో వార్షిక పఠన సంకల్పాన్ని ప్రవేశపెట్టిన నాటి నుండి లక్షలాది పాఠకులు అందులో పాలుపంచుకుంటున్నారు. మన కళాశాలలో కూడా ఈ విద్యా సంవత్సరం కొందరు విద్యార్థినీ విద్యార్థులు ఏడాదికి పన్నెండు పుస్తకాలు చదవాలనే నియమం పెట్టుకుని, గ్రంథాలయం గోడకు ఒక పట్టిక అతికించారు. అందులో ఒక వైపు పేర్లు, మరొక వైపు అంకెలు ఉన్నాయి. ఈ ప్రయత్నం ఎంతైనా అభినందనీయం. అయితే ఆ పట్టిక దేనిని లెక్కిస్తున్నది, దేనిని విడిచిపెడుతున్నది అనే విషయాన్ని విద్యార్థులు, కమిటీ పెద్దలు ఒకమారు ఆలోచించవలసి ఉన్నదని నా అభిప్రాయం.

అంకెకు ఒక గుణం ఉన్నది. అది మనిషిని కదిలిస్తుంది. నిన్నటి మూడు నేడు నాలుగైతే మనసుకు ఉత్సాహం కలుగుతుంది. కాని అంకెకు తూకం తెలియదు. ఉన్నవ లక్ష్మీనారాయణగారి బృహన్నవల ‘మాలపల్లి’ చదివినవానికీ ఒకటే, నలభై పుటల కథల పుస్తకం చదివినవానికీ ఒకటే. అందువల్ల పోటీ ముదిరిన కొద్దీ సన్నని పుస్తకాలకు గిరాకీ పెరిగి, లావు పుస్తకాలు బీరువాలోనే ఉండిపోతాయి. చదవడం కోసం పుట్టిన లెక్క, చివరకు లెక్క కోసం చదవడంగా పరిణమిస్తుంది.

ఏటేటా ఒక నియమంతో చదవడం, ఆ పఠనంలో తోటివారిని భాగస్వాములను చేయడం మనకు కొత్త విషయమేమీ కాదు. దైవవాణి పఠించమన్న ఆజ్ఞతోనే ఆరంభమైనదని ముస్లింలందరికీ తెలుసు. దివ్య ఖురాన్ ముప్పది పారాలుగా విభజింపబడి ఉన్నది. రంజాన్ మాసంలో దానిని ఆమూలాగ్రం పఠించడం పిన్నలూ పెద్దలూ పాటించే ఆచారం. ఆ నెలలో బంధువులు ఎదురుపడితే ఎన్నవ పారాలో ఉన్నావని అడగడం పరిపాటి. మహాప్రవక్త (స) ప్రతి రంజాన్‌లోను జిబ్రయీల్ దూతతో కలసి ఖురాన్‌ను పునశ్చరణ చేసేవారనీ, తమ చివరి సంవత్సరంలో రెండు పర్యాయాలు చేశారనీ హదీసు గ్రంథాలు చెబుతున్నాయి. వార్షిక పఠనానికీ, సహపాఠకునితో చేసే పునశ్చరణకూ ఇంతకన్న ప్రాచీనమైన, పవిత్రమైన ఉదాహరణ మనకు మరొకటి లేదు.

ఈ ఆచారంలోనే మన పట్టికకు కావలసిన పాఠం కూడా ఉన్నది. తరావీహ్ నమాజులో హాఫిజ్ ఖురాన్‌ను కంఠస్థంగా వినిపిస్తుండగా, ఆయన వెనుక మరొక హాఫిజ్ నిలిచి శ్రద్ధగా వింటాడు. ఆయనను ‘సామే’ అంటారు. ముందున్నవారు ఒక మాట తడబడితే, ఆ మాటను అందించడం ఆయన బాధ్యత. ఎన్ని పారాలు అయినవని లెక్కపెట్టడానికి ఆయన అక్కడ నిలువలేదు; విని, సరిదిద్దడానికి నిలిచాడు. ఖురాన్‌ను మూడు దినాలకన్న తక్కువ కాలంలో ముగించినవానికి అర్థం ఒంటబట్టదనే హెచ్చరిక కూడా హదీసులలో ఉన్నది. పారాల లెక్కను పాటించిన సంప్రదాయమే తొందరను వారించింది. మన పఠన సంకల్పానికి కూడా ఇటువంటి ‘సామే’ కావాలి. నేను చదివినదానిని విని, నేను తప్పుగా గ్రహించిన చోట నన్ను ఆపగలిగినవాడే నాకు నిజమైన సహపాఠకుడు.

ఆంధ్రదేశ చరిత్ర కూడా ఈ మాటనే బలపరుస్తున్నది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ జరిగింది. అయ్యంకి వెంకటరమణయ్యగారు, గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు ఆ ఉద్యమానికి తమ జీవితాలను ధారపోశారు. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం వెలసింది. దాని భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. 1935లో పాతూరి నాగభూషణంగారు పుస్తకాలను పడవకెక్కించి కృష్ణా కాలువ వెంట గ్రామాలకు చేరవేశారు. అక్షరాస్యులు బహు కొద్దిగా ఉన్న ఆ కాలంలో ఒకరు చదువుతుంటే పదిమంది చుట్టూ కూర్చుండి వినేవారు. పుస్తకాన్ని పదిమంది సొత్తుగా భావించినవారు గనుకనే ఆ పెద్దలు అంతటి శ్రమకు పూనుకొన్నారు.

ఇక మన కళాశాల ప్రత్యేక పరిస్థితిని గమనించాలి. ఇక్కడ ఒకే కప్పు కింద రెండు భాషలు వర్ధిల్లుతున్నవి. అయినా ఉర్దూ బీరువా వద్దకు వెళ్లే విద్యార్థులు వేరు, తెలుగు బీరువా వద్దకు వెళ్లేవారు వేరు. రెండింటి నడుమ ఉన్న దూరం నాలుగడుగులే కాని, ఏడాది పొడుగునా దానిని దాటనివారు చాలామంది. మన పల్నాటి సీమలోనే, వినుకొండలో 1895లో జన్మించిన గుఱ్ఱం జాషువ మహాకవి పారసీక కవి ఫిరదౌసి జీవితాన్ని తెలుగు కావ్యంగా మలచారు. దాశరథి గాలిబ్ గజళ్లను తెలుగు చేసి 1961లో ‘గాలిబ్ గీతాలు’గా వెలువరించారు. ప్రేమ్‌చంద్ మొదట ఉర్దూలో రచనలు చేసి, తరువాత హిందీలోను రాశారు. అవ్వ కోసం సంతలో పట్టుకారు కొన్న హమీద్ కథ నేడు తెలుగు పిల్లలకూ తెలుసు. ఆ మహనీయులు దాటిన హద్దును మన విద్యార్థులు దాటలేకపోవడం విచారకరం. ఫిరదౌసి పేరు ఉర్దూ తరగతిలో విన్న విద్యార్థి జాషువను చదవకపోతే, జాషువ పద్యాలు వల్లించే విద్యార్థి షానామా అంటే ఏమిటని తోటివానిని అడగకపోతే, పన్నెండు పుస్తకాలు పూర్తయినా ఆ చదువులో కొరత ఉన్నట్లే.

మరొక విషయం మరింత ముఖ్యమైనది. పట్టికలో కొన్ని పేర్ల ఎదుట అంకె జనవరి తరువాత కదలలేదు. చూచేవారు దానిని సోమరితనమని అనుకోవచ్చు. కాని జనవరి నుండి మన ప్రాంతంలో మిరపకోతలు ముమ్మరమవుతాయి. అంతకు ముందే పత్తితీతలు ఉంటాయి. సున్నపు బట్టీల వద్ద పనిచేసే కుటుంబాల పిల్లలకు సెలవు దినమే పనిదినం. రెండు పుస్తకాలు చదివి, మూడవదానిని సగంలో ఆపి కల్లం కావలికి వెళ్లిన విద్యార్థి, తిరిగి వచ్చి గోడ మీద తన పేరు ఎదుట చిన్న అంకెను, పక్కవాని పేరు ఎదుట పెద్ద అంకెను చూస్తే గ్రంథాలయంలో అడుగు పెట్టడానికే సిగ్గుపడవచ్చు. ఒక్క విద్యార్థినైనా పుస్తకానికి దూరం చేసే పట్టిక, మిగిలినవారిచేత ఎన్ని పుస్తకాలు చదివించినా దాని ప్రయోజనం నెరవేరినట్లు కాదు.

పఠనం ఏకాంత వ్యాపారమనీ, చదివినది నలుగురికీ చాటడం ప్రదర్శనమేననీ కొందరు పెద్దలు ఆక్షేపించవచ్చు. ‘రియా’ను, అనగా మెప్పు కోసం చేసే పనిని, మన మతం కూడా గర్హించింది. ఆ ఆక్షేపణ అంకెల పట్టికకు చక్కగా వర్తిస్తుంది. కాని చదివినది తోటివానికి అప్పగించి, అతని ప్రశ్నకు నిలబడడం ప్రదర్శనం కాదు. ప్రశ్న ఎదురైనప్పుడు మనకు తెలిసినదెంతో, తెలియనిదెంతో రెండూ బయటపడతాయి. మెప్పు కోరేవాడు అటువంటి పరీక్షకు ఇష్టపడడు.

కావున విద్యార్థులకు నా సూచనలు ఇవి. పట్టికలో అంకెను తీసివేసి, పుస్తకం పేరు, చదివిన పుట, మనసులో మిగిలిన ఒక ప్రశ్న రాయండి. సగంలో విడిచిన పుస్తకాన్ని కూడా, విడిచిన కారణంతో సహా రాయండి. ఉర్దూ చదివేవారొకరు, తెలుగు చదివేవారొకరు జతగా ఏర్పడి, నెలకొకసారి అరగంట కూర్చుని, తాము చదివినది ఎదుటివారి భాషలో చెప్పుకోండి. తప్పులు వచ్చినా ఫరవాలేదు, సరిదిద్దడానికే జత. ఇంటి వద్ద చదువురాని తల్లికో, నానమ్మకో చదివి వినిపించిన కథను కూడా పట్టికలో తప్పక చేర్చండి.

కమిటీ పెద్దలకు చేసుకునే మనవి కూడా క్లుప్తమే. అత్యధిక సంఖ్యలో చదివినవారికి బహుమతి ఇవ్వాలనే ఆలోచన ఉంటే, ఆ సొమ్ముతో రెండు భాషలలోను కొత్త పుస్తకాలు కొనండి. ఊరి బస్సు కోసం తరగతులు ముగియగానే బయలుదేరవలసిన విద్యార్థినులు సాయంత్రం గ్రంథాలయానికి రాలేరు. మధ్యాహ్న విరామంలో దానిని తెరచి ఉంచండి. కోతలకు వెళ్లే విద్యార్థులకు ఆ నెలల్లో అపరాధ రుసుము లేకుండా పుస్తకాన్ని తమ వద్ద ఉంచుకొనే వీలు కల్పించండి. ప్రతి పాఠకునికీ తనకు తగిన పుస్తకం దొరకాలనీ, ప్రతి పుస్తకానికీ పాఠకుడు దొరకాలనీ రంగనాథన్‌గారు 1931లోనే గ్రంథాలయ సూత్రాలుగా చెప్పారు. ఈ ఏర్పాట్లకు పెద్ద వ్యయం అవసరం లేదు.

ఏటా నవంబరు 14 నుండి 20 వరకు జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. రాబోయే వారోత్సవాలలో మన విద్యార్థులు ఎన్ని పుస్తకాలు చదివారో ప్రకటించడానికి బదులు, ఉర్దూ విద్యార్థిని ఒకరు తాను చదివిన తెలుగు పుస్తకాన్ని గురించీ, తెలుగు విద్యార్థి ఒకరు తాను విన్న ఉర్దూ కథను గురించీ సభలో ప్రసంగించేటట్లు ఏర్పాటు చేయాలని కోరుతున్నాను. మిరపకోతల నుండి తిరిగి వచ్చి మూడవ పుస్తకాన్ని పూర్తి చేసిన విద్యార్థికి కూడా ఆ వేదికపై తప్పక చోటుండాలి.