గాజుపోగు మీద రంగుల మాటలు

ఒక తెలుగు సమాజంలో ఉగాది నాటకాలకు తెర వెనుక ఏర్పాట్లు చూసే సోదరుడొకరు ఒక చిక్కు రాసి పంపారు. వారి హాలుకూ, వెనుక మైదానంలో వేసే పందిరికీ మధ్య 400 మీటర్ల దూరం. భూమిలో పాతిన గాజుతీగ ఒకటే ఉన్నది. అందులో పోగులు రెండు. ఆ రెండింటినీ బొమ్మలు పంపే యంత్రాలే వాడుకుంటున్నవి. పందిరిలో పనిచేసేవారికి నడుముకు కట్టుకునే తీగలేని ఇంటర్‌కం కావాలి. మరల కాలువ తవ్వించాలా, లేక రంగులు కలిపి విడదీసే పెట్టెలు కొంటే చాలునా అన్నది ప్రశ్న.

ఇది సరదాకు అడిగిన వస్తువు కాదు. సురభి వారి 'మాయాబజారు' చూచిన పెద్దలకు తెలుసు, మనుషులను గాలిలో లేపే తాడు ఎవరి చేతిలోనో ఉంటుంది. పిల్లవాడు కింద నిలబడి ఉండగా "ఆగు" అన్న మాట పైనున్నవాడికి చేరకపోతే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

తీగలేని ఇంటర్‌కం అంటే అసలు తీగే ఉండదని చాలామంది అనుకుంటారు. మనిషి నడుము దగ్గరనుంచి ఆంటెన్నా వరకే తీగ లేదు. ఆంటెన్నా నుంచి హాలులోని మూలయంత్రం వరకు తీగ ఉండవలసిందే. మామూలు నెట్‌వర్కు రాగితీగ 100 మీటర్లు దాటితే నమ్మకం లేదు. అందుచేత గాజు తప్పదు.

జుట్టంత సన్నని గాజులో దూరాలకు వార్తలు పంపవచ్చునని 1966లో చార్లెస్ కావో తన సహచరుడితో కలిసి లెక్కకట్టి చూపాడు. అందుకు 2009లో నోబెల్ బహుమానం వచ్చింది. ఒకే పోగులో పలు రంగుల వెలుతురు ఒకదానితో ఒకటి కలియబడకుండా పోగలదు. మన కంటికి కనబడని రంగులు సుమండీ! 1271 నానోమీటర్లనుంచి 1611 వరకు, 20 చొప్పున ఎడంతో 18 వరుసలను అంతర్జాతీయంగా నిర్ణయించారు. ఈ రంగులను ఒక చివర కలిపి, రెండవ చివర విడదీసేదే వేవ్‌లెంగ్త్ మల్టిప్లెక్సరు. అందులో ఉన్నవి పలుచని పూత పూసిన అద్దపు వడపోతలే. దానికి కరెంటు అక్కరలేదు, వేడెక్కదు, లోపల చెడేందుకు పెద్దగా ఏమీ లేదు. ఈ గుణం నాకు బాగా నచ్చింది.

కనుక సమాధానం: కాలువ తవ్వనక్కరలేదు, పెట్టెల జత చాలును. పోయే మాటకు ఒక పోగు, వచ్చే మాటకు ఇంకొకటి. బొమ్మలకు ఒక రంగు, ఇంటర్‌కంకు ఇంకొక రంగు.

అయితే చిక్కంతా ట్రాన్సీవర్ల దగ్గర వస్తుంది. విద్యుత్తును వెలుగుగానూ, వెలుగును విద్యుత్తుగానూ మార్చే వేలెడంత ముక్క ఇది. వారి బొమ్మల యంత్రంలో ఇప్పుడున్నదాని మీద 1310 అని రాసి ఉన్నదట. ఆ అంకెను నమ్మి 1311 గడిలో పెట్టరాదు. రంగు కట్టని మామూలు రకం అటూ ఇటూ పదుల నానోమీటర్లు జరిగే వీలున్నది. వడపోత తలుపు సుమారు 13 నానోమీటర్లే. ఎండకు పందిరి వేడెక్కిన మధ్యాహ్నం బొమ్మ మాయమయితే తప్పు ఎక్కడో దొరకదు. దానికి కూడా రంగు కట్టిన ట్రాన్సీవరు కొనవలసిందే.

ఇంకొక పొరపాటు ఎక్కువగా జరిగేది. ఎక్కువ దూరంది మంచిదని 80 కిలోమీటర్ల రకం తెచ్చి పెడతారు. 1 మిల్లీవాటును సున్నాగా పెట్టుకొంటే, అటువంటిది 0నుంచి 5 డెసిబెళ్ళ వరకు పంపుతుంది. వినే కన్నేమో −7 దాటితే మిరుమిట్లు గొంటుంది. రెండు పెట్టెలలో రెండేసి, నాలుగు అతుకులలో అరేసి, కలిపి 6 డెసిబెళ్ళు పోతాయనుకుందాం; 400 మీటర్ల గాజులో పోయేది లెక్కలోకి రాదు. 5లో 6 తీసేస్తే −1. అంటే చాలా ఎక్కువ. మధ్యలో 10 డెసిబెళ్ళ అటెన్యుయేటరు పెడితే −11కు దిగుతుంది, హాయిగా వినబడుతుంది.

గాజు వెలుగును మోస్తుంది గాని కరెంటును మోయదు. పందిరిలో ఆంటెన్నాకూ, దాని పక్కనున్న మార్పిడి పెట్టెకూ అక్కడే కరెంటు కావాలి. జనరేటరు మారేటప్పుడు ఆరిపోకుండా బ్యాటరీ పెట్టండి. చాలామంది దీన్ని చివరి రోజున తలుచుకుంటారు.

ఇక నాకు నచ్చని సంగతి. ఇంతకు మునుపు ఆ తీగ తెగితే బొమ్మ ఒక్కటే పోయేది. ఇప్పుడు తెగితే బొమ్మతో పాటు "ఆగు" అనే మాట కూడా పోతుంది. పందిరికి గుంజలు పాతేవాడి గునపానికి ఈ తేడా తెలియదు. పైగా కరెంటులేని పెట్టె గనుక తెగినట్టు అది తనంతట చెప్పదు. అందుచేత తాడు పట్టేవారికి మాత్రం వేరే దారిన ఒక మామూలు వాకీటాకీ తప్పక ఇవ్వండి. అది కుదరని సంవత్సరం గాలిలో లేపే దృశ్యం వదిలిపెట్టండి; నాటకానికి వచ్చే నష్టమేమీ లేదు.

తీగ చివర వెలుగు వస్తున్నదా అని కన్ను పెట్టి చూడవద్దు. కనబడదు గాని కంటికి హాని చేయగలదు. కొలిచే మీటరు ఉంటుంది. ఆకుపచ్చ కొనను నీలం కొనతో అతకవద్దు, కొసలు ఏటవాలు వేరు. అతికే ముందు ప్రతిసారీ దుమ్ము తుడవాలి.

అమెరికాలోని మేనల్లుడు ఇంటర్‌కం సెట్టు తెచ్చి ఇస్తానంటున్నాడని కూడా రాశారు. డెక్ట్ రకమయితే వద్దని చెప్పండి. ఆ రకానికి యూరపులో 1880నుంచి 1900 మెగాహెర్ట్జులు. అమెరికాలో 1920నుంచి 1930. ఆ రెండవది మన దేశంలో సెల్‌ఫోన్లు మాట్లాడే వరుసలో పడుతుంది. ఏ సెట్టు కొన్నా ఇక్కడ అనుమతించిన వరుసదేనని అమ్మేవారి చేత కాగితం మీద రాయించుకోండి.