చక్రాల మీద వంటిల్లు

తిరిగి ఆడది చెడింది, తిరక్క మగాడు చెడ్డాడు అని మనకో సామెత ఉంది. అది ఎప్పుడో చచ్చిపోయిందని ఈమధ్య చాలామంది నాతో వాదిస్తున్నారు. ఆడవాళ్ళు ఇప్పుడు ఎక్కడికి పోవడం లేదు? యూట్యూబ్ తెరిస్తే చాలు, భార్యాభర్తలు, పిల్లలు, ముసలివాళ్ళు కూడా కారవాన్ వేసుకుని దేశమంతా తిరిగొస్తున్నారు కదా అంటారు. నేనూ చూశాను. చాలానే చూశాను. సముద్రం ఎదురుగా బండి ఆగుతుంది. ఆయన మడత కుర్చీ వేసుకుని బయట కూచుంటాడు. కెమెరా బండి లోపలికి తిరిగితే ఆవిడ ఉల్లిపాయలు తరుగుతూ కనిపిస్తుంది. సామెత చావలేదు, దానికో మినహాయింపు పుట్టింది. వంటిల్లు వెంటబెట్టుకుని తిరిగితే ఆడది చెడదు.

తెలుగువాళ్ళకి కారవాన్ అంటే నిన్నమొన్నటిదాకా సినిమా షూటింగు దగ్గర ఆగి ఉండే పెద్ద బస్సు. పడకా, అద్దం, ఏసీ, మరుగుదొడ్డీ అన్నీ అందులోనే. ఇప్పుడది మధ్యతరగతి కలల్లోకి వచ్చింది. కేంద్ర పర్యాటక శాఖ 2009లోనే కారవాన్ల కోసం ఒక విధానం ప్రకటించింది. కేరళ 2021లో తన విధానం తాను తెచ్చుకుంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఆ మాట బాగా వినబడుతోంది. పొడవైన సముద్రతీరం ఉంది, చలికాలంలో కూడా వెచ్చగా ఉంటుంది, ఇంకేం కావాలి? ఇంటి సౌకర్యాలన్నీ బండిలోనే ఉంటాయి కాబట్టి ఇల్లు వదిలిన లోటు తెలియదని చెబుతున్నారు. నా గొడవంతా ఆ మాట దగ్గరే. ఇల్లు వదిలిన లోటు తెలియాలనే కదా మేము బయల్దేరాలనుకున్నది!

మా ఇంట్లో కూడా ఈ సంక్రాంతి తర్వాత అలాంటి ప్రయాణమొకటి తలపెట్టారు. తెనాలిలో బయల్దేరి రేపల్లె, నిజాంపట్నం, బాపట్ల దగ్గర సూర్యలంక, చీరాల వాడరేవు, అక్కణ్ణించి ఒంగోలు, నెల్లూరు, చెన్నై, పుదుచ్చేరి, రామేశ్వరం, చివరికి కన్యాకుమారి. పద్దెనిమిది రోజులు, ఎనిమిదిమంది మనుషులు. మగవాళ్ళు హాల్లో మ్యాపు పరుచుకుని కూచున్నారు. ఏ ఊరు ఎన్ని కిలోమీటర్లు, డీజిలెంత, ఎక్కడ సూర్యోదయం, ఎక్కడ సూర్యాస్తమయం. మాకు వేరే కాగితం ఇచ్చారు. అందులో రెండు బర్నర్ల స్టవ్వు, చిన్న కుక్కర్, కందిపొడి, గోంగూర పచ్చడి, నాలుగు రోజులకి సరిపడా ఇడ్లీపిండి, మా అత్తగారి మందులు, పిల్లల బట్టలు, ఆరేసుకోడానికి తాడు. "బయట తిండి మనవాళ్ళకి పడదు, మీరుంటే ఇక బెంగేముంది" అన్నారు మా బావగారు, ఎంతో అభిమానంగా. ఆయన మంచివారే. మంచివాళ్ళు కాబట్టే కాదనడం కష్టం.

లెక్క కట్టి చూడండి. ఎనిమిదిమందికి పొద్దున టిఫిను, మధ్యాహ్నం భోజనం, రాత్రికేదో ఒకటి, మధ్యలో రెండుసార్లు కాఫీ. ఇంట్లో అయితే పంపు తిప్పితే నీళ్ళొస్తాయి, వంటగట్టు ఉంటుంది, గిన్నెలు తోమడానికి ఒక మనిషి వస్తుంది (ఆవిడ శ్రమ సంగతి వేరే రాయాలి). బండిలో మూరెడు గట్టు మీద, తొట్టిలో నీళ్ళు అయిపోతాయేమోనని లెక్కపెట్టుకుంటూ, బండి ఊగుతుంటే అదే పని. దీన్ని విహారం అంటారు. వంటింటి మీద విమల రాసిన కవితను మనమంతా సభల్లో చదువుకున్నాం, చప్పట్లు కొట్టాం. ఆ వంటింటికి డీజిల్ పోసి కన్యాకుమారిదాకా లాక్కుపోవచ్చని అప్పుడెవరం ఊహించలేదు.

మ్యాపు దగ్గరున్నవాళ్ళని నేను ఇంకో ప్రశ్న కూడా అడిగాను. బండిలో మరుగుదొడ్డి ఉంటుంది, దాని కింద తొట్టి ఉంటుంది. అది నిండుతుంది. దాన్ని ఎవరు తీస్తారు, ఎక్కడ ఒంపుతారు? కాసేపు ఎవరూ మాట్లాడలేదు. "డ్రైవరుతో పాటు ఒక కుర్రాడు వస్తాడులే" అన్నారు. ఆ కుర్రాడు ఏ పేటనుంచి వస్తాడో చెప్పనక్కరలేదు. పాకీపనిని 1993లో ఒకసారి, 2013లో మరోసారి చట్టం చేసి నిషేధించుకున్న దేశం మనది. వంట ఆడదానికి, తొట్టి ఆ కుర్రాడికి, సూర్యోదయం యజమానికి. ఇంటిని బండిలోకి ఎక్కిస్తే ఇంటిలోని కులమూ పితృస్వామ్యమూ టిక్కెట్టు లేకుండానే ఎక్కి కూచుంటాయి.

ఇది కొత్త సంగతేమీ కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసునుంచి కాశీకి బయల్దేరి 1831లో తిరిగొచ్చాడు. పెద్ద పరివారం, పల్లకీలు, బోయీలు, డేరాలు. తెలుగు యాత్రాసాహిత్యానికి ఆ పుస్తకం పునాది అని చదువుకున్నాం, కాదనను. ఒకరు చూసి రాయడానికి ఎంతమంది మోయాలో, ఎంతమంది వండాలో కూడా అందులోంచే తెలుస్తుంది. మన ఆడవాళ్ళ ప్రయాణాలు ఆ దారిన నడవలేదు. పోతం జానకమ్మ 1870లలో ఇంగ్లండు వెళ్ళి చూసిందంతా రాసింది, 1876లో మద్రాసులో అది ఇంగ్లీషు పుస్తకంగా కూడా వచ్చింది. భండారు అచ్చమాంబ ముప్పయ్యేళ్ళకే చనిపోయేలోగా ఊళ్ళు తిరిగి స్త్రీ సమాజాలు పెట్టించింది. గుంటూరులో పుట్టిన నాయని కృష్ణకుమారి కాశ్మీరు వెళ్ళొచ్చి 'కాశ్మీర దీపకళిక' రాసింది. వీళ్ళ పేర్లు మనకి మిగిలింది చూసినదాని వల్లా చేసినదాని వల్లా, దారిలో వండినదాని వల్ల కాదు.

బాపట్లలో టీచరుగా చేసే నా స్నేహితురాలు ఈ మాటలన్నీ విని ఊరుకోలేదు. "నువ్వు చెప్పేది బాగానే ఉంది. కానీ బస్టాండులో మరుగుదొడ్డికి గడియ ఉండదు, ఉంటే నీళ్ళుండవు. నెలసరి రోజుల్లో బస్సెక్కితే పొద్దున్నించీ మంచినీళ్ళు తాగకుండా కూచుంటాను. కారవాన్‌లో నా తలుపుకి గడియ ఉంటుంది. ఆ ఒక్క గడియ కోసం నేను రెండుపూటలా వండడానికి సిద్ధమే" అంది. మొత్తం ఈ చర్చలో నన్ను నిజంగా ఇబ్బంది పెట్టిన వాదన ఇదొక్కటే. డేరాలూ సూర్యోదయాలూ కాదు, గడియ.

గడియ కావాలి. కానీ బండిలో బిగించిన గడియ ఎంతమందికి దొరుకుతుంది? కారవాన్లు అందరికన్నా ముందు వచ్చింది సినిమావాళ్ళకే కదా, అక్కడే చూద్దాం. మలయాళ సినిమా పరిశ్రమలో ఆడవాళ్ళ పరిస్థితులపై జస్టిస్ హేమ కమిటీ 2019 డిసెంబరులో ఇచ్చిన నివేదిక 2024 ఆగస్టులో బయటపడింది. అందులో లైంగిక వేధింపుల సంగతే పత్రికలు ఎక్కువగా రాశాయి. షూటింగుల్లో ఆడవాళ్ళకి మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే చోటు లేకపోవడం గురించి, అందుకని నీళ్ళు తాగకుండా రోజంతా గడిపేవాళ్ళ గురించి కూడా అందులో ఉంది. పెద్ద తారకు కారవాన్ ఉన్నంత మాత్రాన జూనియర్ ఆర్టిస్టుకి చాటు దొరకలేదు. కారవాన్ వచ్చాక అందరికీ మరుగుదొడ్డి కట్టాల్సిన అవసరమే నిర్మాతకు కనబడకుండా పోయింది. రేపు సూర్యలంకలోనూ అదే జరుగుతుంది. అద్దె కట్టగలిగినవాళ్ళు తమ దొడ్డి తాము తెచ్చుకుంటే, ఆదివారంనాడు ఆటోల్లో వచ్చే వందలమంది ఆడపిల్లల కోసం అడిగేదెవరు?

ఈ తీరం వెంబడి ఇంటిని మోసుకుంటూ ప్రయాణం చేసేవాళ్ళు ఇప్పటికే ఉన్నారు. మిరప కోతలకి, వరి నాట్లకి, రొయ్యల చెరువుల దగ్గర పనికి వచ్చే కుటుంబాలు. ట్రాలీ ఆటోలో బియ్యం మూట, గిన్నెలు, చాప, చంటిబిడ్డ. వాళ్ళ బండిని ఎవరూ కారవాన్ అనరు. 2022లో, ఏప్రిల్ వెళ్ళి మే వచ్చిన రాత్రి, ప్రకాశం జిల్లానుంచి అవనిగడ్డ వైపు కూలిపనికి పోతున్న ఒక కుటుంబం రేపల్లె స్టేషన్లో రైలు దిగింది. ఆ రైలు మార్గం అక్కడితో ఆఖరు. కృష్ణ దాటి పోవాలంటే పెనుమూడి వంతెన మీదుగా బస్సు దొరకాలి. ఆ వేళకి బస్సు లేదు. భర్త, పిల్లలతో కలిసి ప్లాట్‌ఫారం మీదే పడుకున్న ఆమెను, గర్భిణిని, భర్తను కొట్టి ఈడ్చుకెళ్ళి సామూహిక అత్యాచారం చేశారు. రెండుమూడు రోజులు టీవీల్లో నడిచింది. ఆ స్టేషన్లో ఎందుకు పడుకున్నారని అడిగినవాళ్ళు ఉన్నారు. ఆ రాత్రి బస్సు ఎందుకు లేదు, ఆడవాళ్ళు తలుపేసుకుని కూచునే గది ఎందుకు లేదు అని అడిగినవాళ్ళు తక్కువ. మా కుటుంబం వేసుకున్న మ్యాపులో రేపల్లె రెండో మజిలీ. అక్కడ ఆ రాత్రి జరిగింది తలచుకోకుండా పక్కనించి గడియ వేసుకున్న బండిలో దాటిపోవడాన్ని నేను భద్రత అనలేను.

కారవాన్ గురించి చెప్పే ఇంకో గొప్ప, నచ్చినచోట ఆపుకోవచ్చు అని. ఎవరికి? తెనాలినుంచి బాపట్ల వెళ్ళే రైలు చుండూరు మీదుగానే పోతుంది. 1991 ఆగస్టు 6న అక్కడ దళితులను వెంటాడి చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేస్తే 2014లో హైకోర్టు కొట్టేసింది. చీరాల దాపునే కారంచేడు. మంచినీళ్ళ చెరువును పాడుచేస్తున్నారని అడిగినందుకు, ఒక మాదిగ స్త్రీ బిందె ఎత్తి ఎదురు నిలిచినందుకు 1985 జులై 17న అక్కడ ఏం జరిగిందో ఈ పత్రిక చదివేవాళ్ళకి నేను చెప్పక్కరలేదు. ఈ దారిలో ఏ చెరువు గట్టున ఆగాలో, ఎవరి తోటలో నీళ్ళు పట్టుకోవాలో అడగకుండానే తెలిసిన కుటుంబాలకి మాత్రమే నచ్చినచోటు అనే మాట వర్తిస్తుంది.

ఇక ఉచిత బస్సు సంగతి. 2025 ఆగస్టు 15నుంచి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పేరుతో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి టిక్కెట్టు లేదు. తెలంగాణలో 2023 డిసెంబరునుంచే ఉంది. దీని మీద మా వీధి అరుగుల మీద పుట్టినన్ని జోకులు ఇంకే పథకం మీదా పుట్టలేదు. పనీపాటా లేకుండా తిరుగుతున్నారట, కూరగాయలకి పక్క ఊరు పోతున్నారట, కొట్లాడుకుంటున్నారట. పాలకుల ఓట్ల లెక్కలు నాకూ తెలుసు, బస్సులు చాలక కండక్టర్లు పడే అవస్థా తెలుసు. కానీ ఆ అరుగు మీదవాళ్ళే మా కారవాన్ ప్రయాణం గురించి విని "ఎంత అదృష్టమమ్మా" అన్నారు. నిజాంపట్నంలో చేపల గంప దించుకున్న మనిషి ఒంటరిగా బస్సెక్కి, ఏ పనీ లేకుండా, సూర్యలంకలో ఒక పూట కూచుని వస్తే ఆమె తిరుగుబోతు. నేను ఎనిమిదిమందికి పప్పు వండుతూ అదే సముద్రం పక్కన పద్దెనిమిది రోజులు గడిపితే అదృష్టవంతురాలిని. వాసనొస్తుందని ఆటోవాళ్ళు ఎక్కించుకోకపోతే రోడ్డు పక్కన నిలబడిన ఆ గంపలామెని నేను చూశాను. పని లేకుండా ఆమె ఒక్కసారైనా ఎక్కడికైనా పోవాలి. అందులో తప్పేముంది?

బండి ఎవరు నడపాలన్న ప్రశ్న కూడా మ్యాపు దగ్గర రాలేదు. మా ఆడపడుచుకి పన్నెండేళ్ళుగా కారు లైసెన్సుంది, గుంటూరుకి రోజూ తనే నడుపుకుంటూ పోతుంది. 7500 కిలోల లోపు బరువున్న వాహనాలను మామూలు కారు లైసెన్సుతో నడపవచ్చని సుప్రీంకోర్టు 2024 నవంబరులో తేల్చింది కూడా. అయినా ఆమె పేరు పచ్చళ్ళ కాగితంలోనే ఉంది. మన గుంటూరు జిల్లా చిర్రావూరులో పుట్టిన సావిత్రి కార్ల సరదా గురించి ఇప్పటికీ మురిసిపోతూ చెప్పుకుంటాం. ఇంటి ఆడపిల్లకి మాత్రం తాళం చెవి ఇవ్వం.

ప్రయాణం మానుకోవడం నా ఉద్దేశం కాదు. మేం నలుగురం ఆడవాళ్ళం విడిగా కాగితం వేసుకున్నాం. జనవరి నెలాఖరుకి బయల్దేరతాం. అంతకుముందు ఈ తీరాన్ని నమ్మలేం. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన ఇటు రేపల్లె వైపునూ ముంచింది, 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. తెనాలినుంచి రేపల్లెకి రైలు. అక్కణ్ణించి పల్లెవెలుగు. బాపట్లలో రెండు రాత్రులు, సూర్యలంక అక్కడికి తొమ్మిది కిలోమీటర్లే. భోజనం ఏ ఊళ్ళో ఏది దొరికితే అది, మెస్సులో అన్నం, బండి మీద పునుగులు. వండేది లేదు. గది కోసం ఒక లాడ్జికి ఫోన్ చేస్తే "మగవాళ్ళెవరూ రావడం లేదా అండీ?" అని మూడుసార్లు అడిగి, ఆధార్ కార్డులే కాకుండా ఇంట్లో మగవాళ్ళ నంబరు కూడా ఇమ్మన్నారు. ఇవ్వలేదు. వేరే చోటు వెతుకుతున్నాం. రేపల్లెలో రాత్రి రైలు దిగినవాళ్ళు కృష్ణ దాటడానికి బస్సు, స్టేషన్లోనూ బస్టాండులోనూ రాత్రంతా దీపం, గడియ ఉన్న ఆడవాళ్ళ గది అడుగుతూ ఒక అర్జీ రాశాం. అది బాపట్లలో కలెక్టరుకి ఇస్తాం, ఒక రోజు దానికే పెట్టుకున్నాం. మాతో సంతకం పెట్టాలనుకునేవాళ్ళు తమ ఊరి స్టేషను పేరు కూడా చేర్చవచ్చు.

అత్తగారి మందుల డబ్బా మా ఆయనకి అప్పజెప్పాను. ఏది పొద్దున, ఏది రాత్రి అని ఇప్పటికి రెండుసార్లు అడిగారు. చీటీ మీద రాసుకోమన్నాను.