పాత పెద్దకారులో భద్రత ఎక్కడుంటుంది?

ఐదారుగురున్న కుటుంబానికి ఎండల్లో పెళ్లిళ్లకూ, వానల్లో సొంతూరి ప్రయాణాలకూ, పొగమంచు కమ్మే నెలల్లో శ్రీశైలం, అరకు ఘాట్లకూ ఒకే బండి సరిపోవాలి. కొత్తది కొనే స్తోమత లేని మధ్యతరగతి ఇందుకోసం ఏడు సీట్ల సెకండ్‌హ్యాండ్ కార్ల వైపు చూస్తోంది. ఈ ఎంపిక వెనుక, బండి ఎంత పెద్దదైతే లోపలివాళ్లు అంత క్షేమమన్న నమ్మకం బలంగా ఉంది. అందులో సగమే నిజం. రెండు కార్లు ఎదురెదురుగా ఢీకొన్నప్పుడు బరువైన కారు వేగంలో వచ్చే మార్పు తక్కువ గనుక అందులోనివారికి తగిలే దెబ్బా తగ్గుతుంది. కానీ రాత్రిపూట లైట్లు లేకుండా రోడ్డు పక్కన ఆపిన లారీని వెనుకనుంచి గుద్దినప్పుడో, కల్వర్టు గోడను తాకినప్పుడో ఆ బరువు పెద్దగా ఆదుకోదు. పైగా బరువుతో పాటు పెరిగిన గతిజశక్తిని బండి ముందుభాగమే భరించవలసి వస్తుంది. ఎత్తైన బండికి గురుత్వకేంద్రం కూడా ఎత్తులోనే ఉంటుంది కాబట్టి, హఠాత్తుగా స్టీరింగ్ తిప్పినప్పుడు అది బోల్తాపడే అవకాశం మామూలు కారు కన్నా ఎక్కువ.

పెద్ద బండి అయినంత మాత్రాన క్షేమం కాదన్న సంగతిని పరీక్షల ఫలితాలు స్పష్టంగా చూపుతాయి. బ్రిటన్ కేంద్రంగా పనిచేసే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ 2014 నుంచి భారతీయ కార్లను గంటకు 64 కిలోమీటర్ల వేగంతో అడ్డంకికి ఢీకొట్టించి, లోపలి బొమ్మలకు తగిలిన దెబ్బలను బట్టి స్టార్లు ఇస్తూ వచ్చింది. 2016లో ఎయిర్‌బ్యాగులు లేని మహీంద్రా స్కార్పియోకు పెద్దల రక్షణలో ఒక్క స్టారూ రాలేదు. 2022 చివర అదే పేరును పంచుకున్న స్కార్పియో-ఎన్‌కు ఐదు వచ్చాయి. అయితే పాత నిర్మాణంతోనే స్కార్పియో క్లాసిక్ కూడా దానితో పాటే మార్కెట్‌లో ఉంది గనుక, పేరును చూసి స్టార్లను ఊహించుకునే కొనుగోలుదారు మోసపోవడం చాలా తేలిక. రెనో డస్టర్ విషయంలో 2017లో ఎయిర్‌బ్యాగ్ లేని వేరియంట్‌కు సున్నా, డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ ఉన్న వేరియంట్‌కు మూడు స్టార్లు వచ్చాయి. అంటే ఒకే మోడల్‌లో కూడా వేరియంట్ మారితే రక్షణ మారిపోతుంది. స్టార్లను ఏ సంవత్సరపు కొలతతో ఇచ్చారో కూడా చూడాలి. 2019లో మూడు స్టార్లు తెచ్చుకున్న మారుతీ ఎర్టిగా, పక్కనుంచి తగిలే దెబ్బనూ స్థిరత్వ నియంత్రణనూ లెక్కలోకి తెచ్చిన కొత్త నిబంధనల కింద 2024లో దక్షిణాఫ్రికా మార్కెట్ కోసం పరీక్షించినప్పుడు ఒక్క స్టారుతో సరిపెట్టుకుంది.

ఈ స్థిరత్వ నియంత్రణనే ఈఎస్‌సీ అంటారు. బండి పక్కకు జారుతోందని సెన్సర్లు పసిగట్టగానే అవసరమైన చక్రానికి మాత్రమే బ్రేకు వేసి దాన్ని దారిలో నిలిపే ఏర్పాటు ఇది. తడి రోడ్డు మీదా ఘాట్ మలుపుల్లోనూ ఎత్తైన బండికి దీని అవసరం ఎంతైనా ఉంది. పాత కార్లలో తరచూ ఖరీదైన వేరియంట్లకే దీన్ని పరిమితం చేశారు కాబట్టి, సన్‌రూఫ్ కోసం, అలాయ్ చక్రాల కోసం బేరమాడే ముందు ఈఎస్‌సీ ఉందో లేదో అడగడం వివేకం.

మన దేశంలో భద్రతా నిబంధనలు కొద్దికాలంలోనే ఒకదాని వెంట ఒకటి వచ్చాయి గనుక కారు తయారైన నెలకు అసాధారణమైన ప్రాధాన్యం ఉంది. గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ 2019 ఏప్రిల్ నుంచి, డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ 2019 జులై నుంచి అన్ని కార్లకూ తప్పనిసరి అయ్యాయి. ముందునుంచీ పక్కనుంచీ తగిలే దెబ్బలకు కారు ఎలా నిలుస్తుందో చూసే ప్రభుత్వ పరీక్షలు 2019 అక్టోబరు నాటికి పాత మోడళ్లకు కూడా వర్తించాయి. డ్రైవర్ పక్కసీటుకు ఎయిర్‌బ్యాగ్ 2021 ముగిసేసరికి గానీ అన్నిటికీ రాలేదు. ఆర్సీలో రిజిస్ట్రేషన్ తేదీతో పాటు తయారైన నెల, సంవత్సరం కూడా ఉంటాయి. చూడవలసింది ఈ రెండోదాన్నే. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలు తిరగరాదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించి, 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించాక, అక్కడి పెద్ద డీజిల్ కార్లు నిరభ్యంతర పత్రాల(ఎన్‌ఓసీ)తో దక్షిణాదికి కూడా చవగ్గా రావడం మొదలైంది. ఆ ధరకు ముచ్చటపడేవారు, వాటిలో చాలావరకు పై నిబంధనలేవీ లేని కాలంలో తయారైనవని గుర్తించాలి.

మోడల్ మంచిదైనా, పరీక్షలో నిలిచిన కారు వేరు, పదేళ్లు ఎవరి చేతుల్లోనో తిరిగిన కారు వేరు. తలుపు అంచున ఉన్న రబ్బరు బీడింగ్‌ను చేత్తో లాగి చూస్తే లోపలి పిల్లరు మీద ఫ్యాక్టరీ వేసిన స్పాట్ వెల్డింగ్ చుక్కలు ఒకే ఎడంతో వరుసగా కనిపించాలి. ఆ వరుస చెదిరినా, పైన పుట్టీ పూత తగిలినా పిల్లరు ఒకసారి కోసి అతికించినట్టు అనుమానించాలి. అధిక దృఢత్వపు ఉక్కును గ్యాస్ మంటతో వేడిచేస్తే అది తన బలాన్ని కోల్పోతుంది గనుక, పైకి నిగనిగలాడే అలాంటి కారు రెండో ప్రమాదంలో నలిగిపోవచ్చు. ఇగ్నిషన్ తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. అది అసలు వెలగకపోతే, విచ్చుకున్న బ్యాగును మార్చకుండా దీపాన్ని పీకేసి ఉండవచ్చు. మూడో వరుస కొలతలూ ముఖ్యమే: చాలా కార్లలో ఆ సీటు వెనుక డోరుకు జానెడు దూరంలోనే ఉంటుంది కాబట్టి, అక్కడ హెడ్‌రెస్ట్, మూడు బిందువుల బెల్టు లేకపోతే పిల్లలను కూర్చోబెట్టకపోవడమే మంచిది.

రుతువుల మాటకొస్తే, ముందు టైరు వయసు చూడాలి. దాని పక్కగోడ మీద అచ్చైన నాలుగంకెల్లో మొదటి రెండు తయారైన వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. ఐదారేళ్లు దాటిన టైరుకు గాడులు మిగిలి ఉన్నా రబ్బరు గట్టిపడి, మే నెల తారు మీద పగిలే, జులై వానలో జారే ప్రమాదం ఉంటుంది. కోస్తా ఉక్కపోత మరో కోణం. టకాటా కంపెనీ కొన్ని ఎయిర్‌బ్యాగ్ ఇన్‌ఫ్లేటర్లలో వాడిన అమ్మోనియం నైట్రేట్ ఏళ్ల తరబడి వేడికీ తేమకూ చెడి, విచ్చుకునేటప్పుడు లోహపు ముక్కలు చిమ్మే స్థితికి చేరుతుందని తేలి, ప్రపంచమంతటా కోట్ల కార్లను వెనక్కి పిలిచారు. హోండా మన దేశంలోనూ ఇలా పిలిచింది గనుక, పాత హోండా తీసుకునేవారు ఛాసిస్ నంబరుతో ఆ మార్పిడి జరిగిందో లేదో కనుక్కోవాలి.

వరద ముంచిన కారు అన్నిటికన్నా ప్రమాదకరం. 2020 అక్టోబరులో హైదరాబాదులోనూ, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోనూ ఎన్నో కార్లు మునిగాయి. అలాంటి కారును కడిగి, సీటు కవర్లు మార్చి అమ్మినా, వైరింగ్ లోపల చేరిన తేమ బ్రేకు, ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్లను నెమ్మదిగా తినేస్తుంది. సీటుబెల్టును చివరిదాకా బయటికి లాగితే లోపలి మడతల్లో బురద గీత దొరుకుతుంది, అంతవరకు ఎవరూ కడగరు. అమెరికాలో బీమా సంస్థ పూర్తి నష్టంగా తేల్చిన కారు యాజమాన్య పత్రం మీద ఆ ముద్ర పడుతుంది. మన ఆర్సీ మీద ప్రమాద చరిత్ర గానీ వరద చరిత్ర గానీ ఎక్కడా ఉండదు. బీమా క్లెయిముల వివరం సంస్థల దగ్గర ఉన్నప్పుడు దాన్ని రిజిస్ట్రేషన్ వివరాలుండే వాహన్ పోర్టల్‌కు జతచేసి కొనేవాడికి చూపించడం రవాణా శాఖ చేయవలసిన పని, ఆలస్యం చేయకూడని పని. అంతవరకు అమ్మేవాడి బీమా పాలసీలోని నో క్లెయిమ్ బోనస్ గడే కొంత ఆధారం. క్లెయిమ్ లేని ఏళ్లు గడిచేకొద్దీ అది 20 నుంచి 50 శాతం దాకా పెరుగుతుంది గనుక, ఒకే యజమాని దగ్గర ఆరేళ్లున్న కారు పాలసీలో ఆ గడి సున్నా చూపిస్తే, ఏ ఏడాది ఏం జరిగిందని అడిగి, సర్వీస్ సెంటర్ బిల్లులు తెప్పించుకున్నాకే అడ్వాన్సు ఇవ్వాలి.