‘పర్లేదు సర్’ ఖరీదు నాలుగు నెలలు

మొన్న హనుమకొండలోని ఒక కాలేజీలో వర్క్‌షాప్ చేశాను. టాపిక్: మొహమాటం లేకుండా మాట్లాడటం. “అడగడం అవమానం కాదు” అని రెండు గంటలు గొంతు చించుకున్నా. చివర్లో వెనక బెంచీ అమ్మాయి లేచి, “మేడమ్, మీరెప్పుడైనా అడగలేక ఆగిపోయారా?” అంది. నవ్వేసి తప్పించుకున్నా.

అప్పటికి ఇంకో కాలేజీ నుంచి నాకు రావాల్సిన ఫీజు ఆగిపోయి నాలుగు నెలలు. ఫోన్ చేసిన ప్రతిసారీ “అకౌంట్స్‌లో ఉందండీ, వచ్చే వారం” అనేవారు. నేను “పర్లేదు సర్” అనేదాన్ని. పర్లేదు అనడానికి నా ఇంటి ఓనర్ ఒప్పుకోడు కదా!

హైదరాబాద్ బస్సెక్కాక సిగ్గేసింది. దారంతా ఫోన్‌లో వెతికా. 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం, ఉద్యమ్‌లో నమోదైన చిన్న సంస్థకు ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో డబ్బు కట్టాలి. దాటితే వడ్డీతో సహా. ఆ రిజిస్ట్రేషన్ ఉచితం. ఆధార్, పాన్ ఉంటే చాలు, ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది. నాలా ఒక్కరే పనిచేసుకునేవాళ్లూ చేసుకోవచ్చు. వెంటనే చేసేశా. ఇకపై తేదీ, ఫీజు, ఎన్ని రోజుల్లో ఇస్తారు అన్నీ మెయిల్‌లో రాయించుకున్నాకే బస్సెక్కడం.

మరి పాత బాకీ? మర్నాడు ఫోన్ చేశా. “సర్, ఏ తేదీన వేస్తారు?” అని అడిగి ఊరుకున్నా. అవతల నిశ్శబ్దం. ‘పర్లేదు’ నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశా. చివరికి ఆయనే తేదీ చెప్పారు.

డబ్బింకా పడలేదు. కానీ ఆ అమ్మాయి మళ్లీ కనిపిస్తే నిజం చెబుతా: “ఆగిపోయానమ్మా, నాలుగు నెలలు.”