గెడ్డ మొదట్లోని తడి నేలకు కాగితం మీద పేరుందా?

గెడ్డ పుట్టే చోట, వేసవిలో కూడా కాలు దిగబడే నేల ఒకటి మీ ఊర్లో ఉంటది కదా? తుంగ మొలిచి, పీతలు దొరికే చోటు. రెవెన్యూ రికార్డులో దాన్ని ఏమని రాశారో ఎప్పుడైనా చూశారా? చాలాచోట్ల బంజరు అనో పోరంబోకు అనో ఉంటది.

ఆ నేల చేసే పని చూడండి. కొండ మీంచి ఉరికొచ్చే వాన నీటిని అది పట్టి ఆపుతది. తుంగ వేళ్ళ దగ్గర మట్టి ఆగిపోతది, నీరు మెల్లగా కిందికి ఇంకుతది. ఎండాకాలంలో చెలమ తవ్వితే బిందె నిండేది అందుకే. కాలువ తీసి దాన్ని ఆరబెట్టారనుకోండి, వానలకి వరద, ఎండలకి ఒట్టి రాళ్ళు. కింద ట్యాంకు కట్టి కుళాయి బిగిస్తారు, ఫోటోలు కూడా బాగానే వస్తాయి. కానీ ట్యాంకులోకి నీరు రావాల్సింది ఆ ఊట నుంచే.

శ్రీకాకుళం జిల్లా సోంపేట బీల గురించి తెలుసుకోండి. అది ఏజెన్సీ కాదు, సముద్ర తీరం. రైతులు, మత్స్యకారులు దాని మీద బతికే చిత్తడి నేల. థర్మల్ ప్లాంటు కాగితాల్లో మాత్రం పనికిరాని భూమి అయిపోయింది. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పీలేట్ అథారిటీ ఆ ప్లాంటు అనుమతిని రద్దు చేసింది!

2017 చిత్తడి నేలల నిబంధనల మీద నాకు పెద్ద ఆశ లేదు. నదీ పాయలు, వరి మడులు, సాగుకు కట్టిన చెరువులు వాటి లెక్కలోకే రావు. అడవి భూమిలో మనకున్న బలం 2006 అటవీ హక్కుల చట్టమే. సెక్షన్ 3(1)(డి)లో నీటి వనరులు, చేపలు, మేత మీద సామూహిక హక్కు ఉంది. హక్కుదారులున్న చోట నీటి వనరుల్ని, వాటికి నీరొచ్చే వాలుని కాపాడే అధికారం సెక్షన్ 5 గ్రామసభకు ఇచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల నిర్వహణ పంచాయతీలదేనని 1996 పీసా చట్టం కూడా చెప్తోంది.

పోడు పట్టా కోసం ఫారం-ఏ వెంట తిరిగినంతగా మనోళ్ళు ఫారం-బి వెంట తిరగట్లేదు. పట్టా అవసరమే, కాదనను. కానీ నీళ్ళు లేని పట్టాతో ఏం పండిస్తారు?

నీళ్ళు మోసే అక్కల్ని, అమ్మల్ని వెంటబెట్టుకుని వెళ్ళండి. ఏ ఊట ఏ నెల దాకా పారుతదో వాళ్ళకే తెలుసు. కువి, కోయ, సవర, మీ ఊరిది ఏ భాషైతే ఆ పేర్లతోనే ఊటల్ని రాయండి. గ్రామసభ తీర్మానం చేయించి ఫారం-బితో కలిపి సబ్ డివిజన్ కమిటీకి పంపండి. ఒక కాపీ ఊర్లో ఉంచండి. రసీదు చేతిలో పడేదాకా ఆఫీసు గుమ్మం దిగొద్దు.