మధుమేహము - భోజనానంతర పరీక్ష

భారత వైద్య పరిశోధనమండలివారు దేశమంతటను జరిపించిన పరీక్షల ఫలితములు 2023వ సంవత్సరమున ప్రకటింపబడినవి. మధుమేహపీడితులు 10 కోట్ల 10 లక్షలమంది. ఆ వ్యాధి వాకిట నిలిచియున్నవారు 13 కోట్ల 60 లక్షలమంది. ఈ యంకెలు వెలువడిన దినమున ఎల్లరును ఔరాయని ముక్కుపై వ్రేలిడుకొనిరి. మఱునాడు యథాప్రకారముగ విస్తళ్లముందు కూర్చుండిరి. ఆ విస్తరినిగూర్చియే నేడు మేము కొంత ప్రస్తావింపదలచితిమి.

ఈ రోగము మనకు క్రొత్తది కాదు. మూత్రమునకు చీమలు చేరుట ప్రమేహమునకు పూర్వరూపమని చరకసంహితలో గలదు. ధనహీనుడైన రోగికి సుశ్రుతుడు విధించిన చికిత్స మిక్కిలి విచిత్రమైనది. చెప్పులు గాని గొడుగు గాని లేక, భిక్షాన్నము భుజించుచు, ఒక్కొక గ్రామమున ఒక్కొక రాత్రి మాత్రమే నిలుచుచు, నూఱు యోజనములు నడువవలెనట. లేదా నూయి త్రవ్వవలెనట. బీదవానికి చెప్పిన ఈ చికిత్స నేడు కలవారికే యెక్కువ యవసరమని మాకు తోచుచున్నది.

చీమల తరువాత మనకు దొరకిన సాధనము బెనెడిక్టు ద్రావకము. ఆ నీలిద్రవముతో మూత్రమును కాచినచో శర్కర కొలదిని ఆకుపచ్చగను, పసుపుగను, తుదకు ఇటుకరంగుగను మాఱెడిది. డాక్టర్లు అనేక దశాబ్దములు దీనినే నమ్ముకొనిరి. కాని రక్తమున శర్కర డెసిలీటరునకు ఇంచుమించు 180 మిల్లీగ్రాములు దాటిననే గాని మూత్రమున కనబడదు. ఇల్లంటుకొన్న పిదప పొగను చూచుటవంటి పరీక్ష యది. నేడో, వ్రేలికొననుండి ఒక్క రక్తబిందువును పట్టీకి తాకించినచో కొలదిక్షణములలో అంకె కనబడును. చేతిలో నిమిడెడి ఈ గ్లూకోమీటరు అనేక గృహములలో నున్నది. అందు పెక్కుచోట్ల బీరువాలోనే యున్నది.

మనవారు పరీక్ష చేయించుకొను తీరు చూడుడు. మూడునెలలకొక మాఱు డాక్టరును చూడవలసియుండును. దానికి మూడుదినములు ముందుగా నియమము పట్టుదురు. స్వీటు లేదు, రాత్రి యన్నము లేదు. తెల్లవాఱి పరగడుపున రక్తమిచ్చి, అంకె కొంచెము తగ్గియుండుట చూచి, ఆ సంతోషముతో త్రోవలోనే నాలుగు ఇడ్డెనలు తినివచ్చెదరు. మూడునెలల సగటును తెలుపు హెచ్.బి.ఏ.వన్.సి. పరీక్షలో మాత్రము ఈ నాటకము సాగదు. వైద్యుని మోసగించితినని సంతసించువాడు తన కన్నులను, మూత్రపిండములను, పాదములను మోసగించుకొనుచున్నాడు.

పరగడుపు పరీక్షను మేము కాదనుట లేదు. అది యొక్కటియే చాలదనుచున్నాము. ఉదయమున అంకె సరిగనే యుండి, భోజనానంతరము మితిమీఱువారు మనలో పెక్కుమంది. కావున భోజనమునకు ముందొకమాఱు, మొదటి ముద్ద తిన్న రెండుగంటల కొకమాఱు పరీక్షించుకొనవలెను. పెద్దవారిలో సాధారణముగ భోజనమునకు ముందు 80 మొదలు 130 వఱకును, తరువాత 180కి లోపలను ఉండవలెనని వైద్యుల మతము. వృద్ధులకును, ఇతరవ్యాధులు గలవారికిని ఈ హద్దులు మాఱును. చేతులు కడిగి తుడుచుకొనవలెను. మామిడిపండు తిన్న వ్రేలు అబద్ధమాడును. పప్పు, కూర, చారు, పెరుగులతో మీరు నిత్యము తినునంత యన్నమునే తిని ఒకనాడు కొలువుడు. మఱునాడు అన్నమును సగము చేసి, కూరను ఇబ్బడించి, ముందుగా కూరయు పప్పును తిని, పిదప అన్నము కలుపుకొని, లేచి పావుగంట నడచి, మరల కొలువుడు. ఈ రెండంకెల నడుమనున్న భేదము ఏ యుపన్యాసముకంటెను ఎక్కువ బోధించును. కాఫీలో చక్కెర మానితిమని గర్వించుచు మూడుమాఱులు అన్నము వడ్డించుకొనువారికి ఈ పరీక్ష ముఖ్యముగ వలయును. రాగిజావ యెంత త్రాగినను దోషము లేదని చెంబెడు త్రాగువారికిని వలయును. మెత్తని పిండిని పలుచగ కాచినచో రాగియు శీఘ్రముగనే శర్కరగ మాఱును.

ఇన్సులిన్ గాని, శర్కరను తగ్గించు కొన్ని మాత్రలు గాని వాడువారు తమంతట తాము అన్నమును హఠాత్తుగ తగ్గింపరాదు. 70కి దిగువకు పడినచో చెమట, వణకు, తుదకు మూర్ఛయు కలుగవచ్చును. ఏకాదశి యుపవాసము తలపెట్టినవారు మందుల మాట ముందుగ వైద్యునితో చెప్పుకొనవలెను.

ఇక అన్నపు కథ. 1934లో గాంధీమహాత్ముడు అఖిలభారత గ్రామపరిశ్రమల సంఘమును స్థాపించి దంపుడుబియ్యమునుగూర్చి బోధింపగా, నగరవాసులు పలువురు దానిని వృద్ధుని చాదస్తముగ నెంచిరి. తెల్లబియ్యమే గౌరవచిహ్నమయ్యెను. 1983లో కిలో రెండురూపాయల బియ్యపు పథకము వచ్చినది. పేదవాని కడుపు నింపిన ఆ పథకమును మేము నిందింపము. కాని జొన్నయు, సజ్జయు, కొఱ్ఱయు ప్రధానాహారములుగనున్న రాయలసీమ, తెలంగాణముల మెట్టపల్లెలలోనికి సయితము తెల్లన్నము మూడుపూటల ఆహారముగ చొచ్చినది. ఆ మార్పులో భూస్వాములకును భాగము కలదు. గొట్టపుబావి పడినంతనే వరినాటిన వారెవరు? జొన్నకు మంచి ధర లేదని వారనెదరు. అది నిజమే. ధర కల్పింపవలసినది ప్రభుత్వము.

ముప్పదియేండ్లు నిండినవారికి ఆరోగ్యకేంద్రములలో మధుమేహపరీక్ష జరుపుట ప్రభుత్వపు విధానముగ నున్నది. మంచిదే. కాని రోగమున్నదని చెప్పి, మాత్రల పొట్లము చేతిలోపెట్టి పంపినచో ఆ రోగికి తన విస్తరినిగూర్చి తెలిసినదేమి? యంత్రము కొనుట ఒకమాఱు. పట్టీలు కొనుట నిత్యవ్యయము. కూలివాడు ఆ పట్టీని ఒక పూట కూరగాయలతో సరిచూచుకొని, కూరగాయలనే కొనును. అతని నెవరు తప్పుపట్టగలరు? కావున ప్రాథమిక ఆరోగ్యకేంద్రములలో రోగులకు నెలకు కొన్ని పట్టీలనైనను ఉచితముగ నీయవలెను. వానిని భోజనానంతరము వాడుట నేర్పు బాధ్యతను ఆశాకార్యకర్తలకు ఒప్పగించి, అందులకు తగిన వేతనము నీయవలెను. చౌకదుకాణమున బియ్యమునకు బదులుగ జొన్నలో రాగులో కోరుకొనువానికి అవి లభింపవలెను. 2023ను అంతర్జాతీయ చిరుధాన్యసంవత్సరముగ ఘనముగ జరుపుకొన్న ప్రభుత్వములను ఈ కోరిక కోరుటకు మేము జంకుట లేదు. ఉభయరాష్ట్రముల ఆర్థికమంత్రులు తమ బడ్జెటులో పట్టీల కెంత కేటాయింతురో వేచిచూచెదము.